పొట్నూరి కంబాన్ని చదవడం ఎలా?

విజయస్తంభం వట్టి రాయి కాదు, అది ఒక రచన. దానికి కర్త ఉంటాడు. ఉద్దేశించిన పాఠకుడు ఉంటాడు. చెప్పిన విషయం ఉంటుంది, చెప్పకుండా దాటవేసిన విషయమూ ఉంటుంది. కాబట్టి కావ్యాన్ని ఎలా విమర్శిస్తామో విజయస్తంభాన్ని కూడా అలాగే విమర్శించాలి. తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ పని నేర్పడానికి పొట్నూరి జయస్తంభం కన్నా మంచి ఉదాహరణ లేదు. ఎందుకంటే అది రాతి మీదా ఉంది, పద్యంలోనూ ఉంది. తెలుగువాడి జ్ఞాపకంలో స్థిరపడినది మాత్రం పద్యంలోని కంబమే.

శ్రీకృష్ణదేవరాయలి కళింగ దండయాత్రను మన తరగతి గదుల్లో రెండు విధాలుగా బోధిస్తున్నారు. చరిత్ర పాఠంలో అది సువర్ణయుగపు ఘట్టం. సాహిత్య పాఠంలో అది మనుచరిత్ర అవతారికలోని రెండు మూడు పద్యాల అలంకార విశేషం. ఒకచోట రూపకం ఉందని, మరొకచోట అతిశయోక్తి ఉందని రాస్తే విద్యార్థికి మార్కులు పడతాయి. ఆ రూపకం దేన్ని కప్పింది, ఆ అతిశయోక్తి ఎవరిని చిన్నబుచ్చింది అనే ప్రశ్న ప్రశ్నపత్రంలో రాదు. ఆ ప్రశ్న వేయడమే ఈ వ్యాసం పని.

1

ముందు సంగతులు. కృష్ణరాయలు 1509లో సింహాసనమెక్కాడు. అప్పటికి కృష్ణకు దక్షిణాన ఉదయగిరి, కొండవీడు దుర్గాలు కూడా కటకం గజపతుల అధీనంలో ఉన్నాయి. గజపతి ప్రతాపరుద్రుడు. రాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించాడు. సుమారు ఏడాదిన్నర తరువాత, 1514లో, కోట లొంగింది. 1515 జూన్‌లో కొండవీడు పడింది. తరువాత కొండపల్లి, రాజమహేంద్రవరం దాటి సేన ఉత్తరాంధ్రలో ప్రవేశించింది. 1516లో రాయలు దేవేరులతో సింహాచలం దర్శించి కానుకలు సమర్పించాడు. వాటిలో 991 ముత్యాల హారం ఒకటి. ఆ దండయాత్రకు గుర్తుగా పద్మనాభం దగ్గరి పొట్నూరులో జయస్తంభం నాటించాడు.

జయస్తంభం నాటడం రాయలు కనిపెట్టిన ఆచారం కాదు. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో రఘుమహారాజు దిగ్విజయానికి వెళ్ళి గంగాప్రవాహాల నడుమ జయస్తంభాలు నాటాడు. మన తూర్పు కనుమల కొనసాగింపులోనే ఉన్న మహేంద్రగిరి మీద రాయలకు సుమారు 500 ఏళ్ళ ముందే రాజేంద్రచోళుడు విజయశాసనం వేయించాడు. అంటే కళింగానికి ఎవడు వచ్చినా రాయి నాటి పోవడం పరిపాటి. నేల అదే, రాళ్ళు మారుతూ వచ్చాయి. కింద దున్నుకునేవాడికి ఈ మార్పు పన్ను వసూలుదారు మారినప్పుడు మాత్రమే తెలిసి ఉంటుంది.

సింహాచలం ఆలయమే ఇందుకు సాక్ష్యం. గర్భాలయం 13వ శతాబ్దిలో గాంగ నరసింహుడి కాలపు కట్టడం. ఆ గోడల మీద, స్తంభాల మీద రెండు వందలకు పైగా శాసనాలున్నాయి. గజపతుల శాసనాలున్నాయి, గజపతిని ఓడించిన రాయల శాసనమూ ఉంది. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే దేవుడి గోడ మీద తమ దానాలను రాయించుకున్నారు. పాలకవర్గంలో ఎంత వైరమున్నా రాయించుకునే గోడ విషయంలో వారికి భేదం లేదు. ఆ దానాలకు మూలమైన పంటను పండించిన చేతులు ఏ రాజు శాసనంలోనూ కర్తృస్థానంలో కనిపించవు.

2

ఇప్పుడు పద్యాలకు వద్దాం. మనుచరిత్ర అవతారికలో పెద్దన రాయల విజయయాత్రను ఒక సీసంలో చెప్పాడు. అందులో రాయల ప్రతాపం అగ్ని. ఆ అగ్ని పుట్టుక చూడండి. కత్తి ఇనుము ఉదయగిరి రాతికి తగిలింది, నిప్పురవ్వ పుట్టింది. చెకుముకి రాయి కొట్టి నిప్పు చేసుకునే ప్రతివాడికీ తెలిసిన విషయాన్ని మహాకవి మహాయుద్ధానికి మూలంగా పెట్టాడు. ఆ రవ్వ కొండవీడెక్కింది. అక్కడి సేనాని పేరు కసవాపాత్రుడు. ఆ పేరులో 'కసవు' ఉంది కనుక నిప్పు అంటుకుంది. కనకగిరిలో బంగారం కరిగింది. గోదావరి నీరు కాగింది. ఊరి పేరుకు తగిన క్రియ, క్రియకు తగిన ఊరు. పొట్నూరు, మాడెములు, ఒడ్డాది దాటి చివరకు కటకం. దుబ్బుకు నిప్పంటుకుంటే ఏనుగు పారిపోయినట్టు గజపతి పారిపోయాడు.

పద్యనిర్మాణంలో పెద్దన శక్తిని కాదనే పని లేదు. భాషను అంత పట్టుగా వాడినవాడు అరుదు. కాని ఈ సీసంలో మనుషులెందరున్నారో లెక్కపెట్టండి. రాయలు, గజపతి, కసవాపాత్రుడు. మిగిలినవన్నీ ఊళ్ళు, కొండలు, ఏరు. నిప్పు ఊళ్ళనే కాల్చుతుంది, ఊళ్ళలో ఉన్నవాళ్ళు కాలరు. రూపకం చేసిన పని ఇదే. యుద్ధాన్ని ప్రకృతి వ్యాపారంగా మార్చింది. నిప్పుకు బాధ్యత ఉండదు, కసవుకు ఫిర్యాదు ఉండదు.

ఈ ఊళ్ళ పట్టికలో ఒడ్డాది దగ్గర ఆగాలి. పెదబయలు నుంచి పాడేరు మీదుగా ఘాటురోడ్డు దిగి చోడవరం వైపు పోయే బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది. ఇప్పుడు వడ్డాది అంటున్నాం. బుచ్చెయ్యపేట మండలంలో ఉంది. ఒకప్పుడది రాజధాని. ఒడ్డాది మత్స్యవంశపు రాజుల్లో అర్జునుడనేవాడు 1269లో ఇచ్చిన దిబ్బిడ తామ్రశాసనం ఆ వంశావళిని చెబుతుంది. వంశకర్త మత్స్యనదిలో పుట్టాడన్న కథ కూడా అందులో ఉంది. ఏటినీ చేపనూ వంశమూలంగా చెప్పుకున్న కొండవాలు రాజ్యమది. పక్కనే చెప్పిన మాడెములను విశాఖ మన్యపు కొండప్రాంతంగా గుర్తించిన చరిత్రకారులున్నారు. అంటే పెద్దన నిప్పు మా కొండల మొదట దాకా వచ్చింది. అక్కడ ఏం చేసిందని కవి అన్నాడు? ఒడ్డాదిని మసి చేసిందన్నాడు.

ఈ 'మసి' అన్న మాటను గుర్తుంచుకొని రెండో పద్యానికి వెళ్ళాలి. అది పొట్నూరి కంబాన్ని గురించినదే. రాయలు జయాక్షరాలు చెక్కించి తాటిచెట్టంత ఎత్తున కంబం నిలిపాడు. సింహాద్రి అప్పన్న తిరునాళ్ళకు దేవతలు దిగివస్తారు. దిగివచ్చి ఆ కంబం మీది అక్షరాలు చదువుతారు. రాతిలో చెక్కిన అక్షరం నల్లదనం పూస్తేగాని తేటగా కనిపించదు. కాబట్టి దేవతలు కళింగ రాజు అపకీర్తి అనే కాటుకను మాటిమాటికీ పూసి చదువుతున్నారట.

శాసన పరిశోధకుల పని తెలిసినవారికి ఈ ఊహ ఎంత వాస్తవమైనదో అర్థమవుతుంది. రాతిని కడిగి, తడికాగితం పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది నకలు తీస్తే అక్షరం తేలుతుంది. నలుపు లేకపోతే చదువు లేదు. పెద్దన చమత్కారంగా అన్న మాటలో ప్రశస్తి సాహిత్యపు రహస్యమంతా ఉంది. గెలిచినవాడి అక్షరం తనంతట తాను కనబడదు. ఓడినవాడి ముఖాన నలుపు ఉంటేనే కనబడుతుంది.

రెండు పద్యాలనూ ఒకచోట పెట్టి చదివితే ఇంకొక సంగతి తేలుతుంది. ఒక పద్యంలో ఒడ్డాది మసి అయింది. మరో పద్యంలో అక్షరాలకు కాటుక కావలసి వచ్చింది. కవి ఆ కాటుకను గజపతి అపకీర్తి నుంచి తెచ్చానన్నాడు. కాని అదే అవతారికలో, అదే దండయాత్రలో, మసి పుట్టిన చోటు కవే చూపించాడు. దేవతలు అక్షరాలకు పూసిన నలుపు ఏ ఊరిదో మనం అడగవచ్చు. ఈ సంబంధం కవి ఉద్దేశించాడని నేననను. ఉద్దేశించకుండా అతని భాష దాచిపెట్టిన సాక్ష్యం ఇది. విమర్శకుడు వెదకవలసినది ఇటువంటి సాక్ష్యాన్నే.

3

పోలిక కోసం రోముకు వెళదాం. పొట్నూరి కంబం కన్నా 1400 ఏళ్ళు ముందుది అక్కడి ట్రాజన్ స్తంభం. ట్రాజన్ చక్రవర్తి (పాలన 98–117) డాన్యూబ్ నదికి ఆవల ఉన్న డేషియా రాజ్యం మీద 101–102లోనూ, 105–106లోనూ రెండు యుద్ధాలు చేశాడు. డేషియాలో బంగారు గనులున్నాయి. ఆ కొల్లసొమ్ముతో రోము నడిబొడ్డున గొప్ప కూడలి కట్టించాడు. ఆ కూడలిలో 113లో నిలిపినదే ఈ పాలరాతి స్తంభం. పీఠంతో కలిపి సుమారు 38 మీటర్లు. దాని చుట్టూ పాములా చుట్టుకుపోయే చెక్కడపు పట్టీ పొడవు సుమారు 200 మీటర్లు. అందులో 2,500కు పైగా మానవాకృతులున్నాయి.

ఆ ఆకృతులేం చేస్తున్నాయో గమనించాలి. యుద్ధం చేస్తున్నవాటికన్నా పని చేస్తున్నవి మిన్నగా కనిపిస్తాయి. చెట్లు నరుకుతున్నారు. రాళ్ళు మోస్తున్నారు. కోటలు కడుతున్నారు, వంతెనలు వేస్తున్నారు. చివరి ఘట్టాల్లో డేషియా రాజు డెసిబాలస్ శత్రువుకు చిక్కకుండా చెట్టు కింద తన గొంతు తానే కోసుకుంటాడు. గెలుపును పొగడడానికి పూనుకున్న శిల్పి ఓడినవాడి చావును కూడా చెక్కవలసి వచ్చింది. చెక్కిన మేరకు అది మనకు సాక్ష్యమయింది. ట్రాజన్ డేషియా యుద్ధం మీద స్వయంగా రాసిన గ్రంథం ఒక్క వాక్యం తప్ప నశించింది. స్తంభం నిలిచింది.

ఆ స్తంభం పీఠం మీది శాసనం మరీ విచిత్రమైనది. అందులో యుద్ధం ఊసే లేదు. ఈ కట్టడాల కోసం ఎంత ఎత్తు కొండను తవ్వి తొలగించారో తెలియజేయడానికి దీన్ని నిలిపామని ఉంది. ఆ కొండను తవ్వినవాళ్ళెవరు? శాసనంలో చక్రవర్తి బిరుదులున్నాయి, తవ్వినవాళ్ళు లేరు.

మన ఉదయగిరిలోనూ ఇదే జరిగింది. విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ 1535 ప్రాంతంలో రాసిన వృత్తాంతంలో ఉదయగిరి ముట్టడి వర్ణన ఉంది. కోటకు ఒక్కటే దారి. అందుచేత రాయలు పెద్దపెద్ద బండలు పగలగొట్టించి, కొండల మీదుగా దారులు వేయించి కోట దగ్గరకు సేనను చేర్చాడని అతను చెప్పాడు. పెద్దన పద్యంలో ఉదయగిరి రాతికి తగిలింది కత్తి. న్యూనిజ్ వృత్తాంతంలో తగిలింది సుత్తి. నిప్పురవ్వ రెండింటికీ వస్తుంది. కవి కత్తి రవ్వను ఎన్నుకున్నాడు. పరాయి వర్తకుడు సుత్తి రవ్వను చూశాడు. ఏది ఎన్నుకోవాలన్న నిర్ణయంలోనే కవి ఎవరి పక్షమో తెలుస్తుంది. రాజాశ్రయంలో ఉన్న పెద్దన అన్యథా రాయగలడా అంటే రాయలేడు. ఆ అశక్తతను గుర్తించడం పెద్దనను నిందించడం కాదు, అతని కాలాన్ని అర్థం చేసుకోవడం.

కొల్ల విషయంలోనూ పోలిక ఉంది. రోములో టైటస్ తోరణం లోపలి చెక్కడంలో 70లో జెరూసలేం ఆలయం నుంచి తెచ్చిన ఏడుకొమ్మల దీపస్తంభాన్ని సైనికులు మోసుకుపోతుంటారు. రాయలు ఉదయగిరి నుంచి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకుపోయి 1515లో విజయనగరంలో ఆలయం కట్టి ప్రతిష్ఠించాడు. ఒకటి పరమతపు పవిత్రవస్తువును కొల్లగొట్టడం, రెండోది స్వమతపు దేవుణ్ణి భక్తితో తరలించడం. తేడా నిజమే. కాని ఉదయగిరిలో ఆ విగ్రహానికి దీపం పెట్టినవారి వైపు నుంచి చూస్తే ఆ తేడా ఎంతో ఆలోచించాలి.

4

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత ఖర్చుతో, ఇంత రక్తంతో గెలిచిన నేల ఏమయింది?

డేషియాను రోము సుమారు 165 ఏళ్ళు ఏలింది. 270ల్లో ఆరేలియన్ చక్రవర్తి అక్కడి సేనలను వెనక్కి రప్పించి ఆ రాష్ట్రాన్ని వదిలేశాడు. స్తంభం మాత్రం కదలలేదు. దాని కొన మీది ట్రాజన్ విగ్రహం ఎప్పుడో పోయింది. 1587లో పోపు ఆ స్థానంలో సెయింట్ పీటర్ విగ్రహం పెట్టించాడు. పొగడ్త అలాగే ఉంది, పొగిడించుకున్నవాడు దిగిపోయాడు.

పొట్నూరు విషయంలో అంతకాలం కూడా పట్టలేదు. 1518–19 ప్రాంతంలో గజపతితో సంధి కుదిరింది. గజపతి కూతురిని రాయలు పెళ్ళాడాడు. కృష్ణకు ఉత్తరాన గెలిచిన ప్రాంతాన్ని గజపతికి తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చిన ప్రాంతంలో పొట్నూరు ఉంది, సింహాచలం ఉంది, ఒడ్డాది ఉంది. అంటే కంబం నాటిన మూడేళ్ళకు కంబం ఉన్న నేల ఓడినవాడిదే అయింది. ఆ శతాబ్ది ముగిసేలోగా గజపతుల రాజ్యమూ పోయి గోల్కొండ అధికారం వచ్చింది.

నేలను తిరిగి ఇవ్వడాన్ని రాయల ఔదార్యంగా చెప్పడం మామూలు. దీనికి కావ్యసంప్రదాయం ముందే సిద్ధంగా ఉంది. రఘువు మహేంద్రనాథుణ్ణి పట్టి విడిచాడు, అతని సంపద తీసుకున్నాడు, భూమి తీసుకోలేదు. దీన్ని ధర్మవిజయం అన్నారు. కృష్ణకు ఇవతలి నేలను నిలుపుకోవడం విజయనగరానికి సాధ్యం. అవతల కటకం దాకా నిలుపుకోవడం దుస్సాధ్యం. పడమట గోల్కొండ తలెత్తుతున్నది. ఈ లెక్క తెలిసిన పాలకుడు చేసిన పని అది. రాజనీతిగా అది మెచ్చదగినదే. దానికి ధర్మమని పేరు పెట్టినప్పుడు మాత్రం విమర్శకుడు అడగాలి: నేలను గజపతికి తిరిగి ఇచ్చారు సరే, మసి అయిన ఊళ్ళకు ఏం తిరిగి ఇచ్చారు? యుద్ధం ముగిశాక సంపద ఎటు పోయిందో శాసనాలు చెబుతాయి. తిరుమల ఆనందనిలయ విమానానికి బంగారు పూత కోసం రాయలు 1517లో 30,000 వరహాలు ఇచ్చాడు.

ఇక కొండజనం. రాయల దృష్టిలో వారెవరో ఊహించనక్కరలేదు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి భాగంలో ఆయనే చెప్పాడు. మన్యపు జనంలో తప్పొప్పులు ఎంచి శిక్షించబోవడం మట్టిగోడను కడగడం వంటిదని, ఎంత కడిగినా బురద తీరదని అన్నాడు. ఇచ్చిన మాట నిలుపుకొని వారిని కలుపుకుంటే శత్రుదేశం మీదికి పోయినప్పుడు పనికివస్తారని అన్నాడు. ఇందులో అనుభవం ఉంది. కొండవాడు మాటకు కట్టుబడతాడన్న గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు దేనికి ఉపయోగపడాలన్నదే తేడా. మనిషిగా గుర్తించి, ఆయుధంగా లెక్కపెట్టడం అది. దిగ్విజయ పద్యాల్లో కనబడని కొండవాడు రాజనీతి పద్యంలో కనబడుతున్నాడు. కనుక ప్రబంధాల్లో ప్రజలు లేరని కొట్టిపారేసే మన విమర్శ కూడా సగమే నిజం. ఉన్నారు. ఎక్కడ, ఏ హోదాలో ఉన్నారో వెదికి చూపాలి.

5

ఇక్కడ అభ్యుదయ విమర్శకులం మనకు మనం చెప్పుకోవలసిన మాట ఒకటుంది. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' తరువాత, బ్రెహ్ట్ కవిత తెలిసిన తరువాత, కట్టడం కనబడగానే మోసినవాడెవడని అడగడం మనకు అలవాటయింది. మంచి అలవాటే. అయితే ప్రశ్న వేసి ఊరుకుంటే అది కూడా ఒక బిరుదుగద్యంగా తయారవుతుంది. 2010లో రాయల పట్టాభిషేక పంచశతాబ్ది ఉత్సవాలు జరిగినప్పుడు ఒక పక్క భజన, మరో పక్క రాజులందరూ దోపిడీదారులే అన్న ఒకే వాక్యం. ఆ రెండింటిలో దేనికీ పద్యం చదవవలసిన అవసరం లేదు. పద్యం చదివినవాడికే మసి దొరుకుతుంది, సుత్తి దొరుకుతుంది, మట్టిగోడ దొరుకుతుంది.

గెలిచినవాడి పదజాలం మనలో ఎంత లోతుకు దిగిందో చెప్పడానికి మన్యం నుంచి ఒక్క ఉదాహరణ చాలు. 1879 రంప తిరుగుబాటును, 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన పోరాటాన్ని బ్రిటిషు సర్కారు రికార్డులు 'ఫితూరీ' అన్నాయి. మనమూ చాలాకాలం ఆ మాటనే రాశాం. తెలుగులో 'పితూరీ' అంటే ఒకడి మీద మరొకడు చెప్పే చాడీ. అడవి మీద హక్కు పోయి, కూలి లేకుండా రోడ్డు పని చేయవలసి వచ్చినవాడి పోరాటం చాడీ పేరుతో చరిత్రకెక్కింది. రాతి కంబం లేకపోయినా మాట కంబంలా నిలబడగలదు.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లోని గదబల్లో గోతర్ అనే పెద్దకర్మ ఉంది. చనిపోయినవారి కోసం దున్నలను బలి ఇచ్చి రాళ్ళు నిలుపుతారు. ఆ రాళ్ళున్నచోట ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ రాళ్ళ మీద అక్షరం ఉండదు, ఎవరి మీదా గెలుపు ఉండదు. ఆ రాయి ఎవరిదో ఊరికి తెలుసు. దీన్ని చూపి కొండసంస్కృతి నిర్మలమని పాట పాడడం నా ఉద్దేశం కాదు. అక్కడా అప్పులున్నాయి, హెచ్చుతగ్గులున్నాయి. నేను చెప్పేది ఇంతే. రాయి నిలపడమనే ఒకే మానవచర్య రెండు విధాలుగా జరిగింది. ఒకటి పోయినవాడిని ఊరి మధ్య కూర్చోబెట్టడానికి, రెండోది ఓడినవాడి ముఖాన మసి పూయడానికి. మన సాహిత్య చరిత్ర రెండోదానికి వ్యాఖ్యానాలు రాసింది. మొదటిదాన్ని జానపద విభాగానికి అప్పగించి చేతులు దులుపుకుంది.

రచయితలకూ విద్యార్థులకూ ఇందులో చేయవలసిన పని ఉంది. ప్రబంధ అవతారికల్లోని విజయవర్ణనలను ఊరూరా గుర్తించి, ఒక్కో ఊరి దగ్గర కవి వాడిన క్రియను రాసుకొని, ఆ ఊరి శాసనాలతో, కైఫీయతులతో, నోటి కథలతో పోల్చి చూడాలి. ఎక్కడ కాలింది, ఎక్కడ కరిగింది, ఎక్కడ మసి అయింది అన్న పట్టిక తయారైతే దిగ్విజయానికి అవతలివైపు చరిత్ర బయటపడుతుంది. ఒడ్డాదితో మొదలుపెట్టవచ్చు. ఆ ఊరు ఇంకా ఉంది. ఆ ఊరివాళ్ళను అడగడానికి ఏ రాజు అనుమతీ అక్కరలేదు.